దాని తర్వాతి ఫొటో

ఆ ఏడాది ఏప్రిల్‌లో మా బజారు పైకప్పు కింద ఒక మగమనిషి ముఖం వేలాడదీశారు. తలుపంత ఎత్తు గుడ్డ మీద, నలుపు తెలుపుల్లో. తల వెనక్కి వాల్చి, కళ్ళు చికిలించి, పళ్ళన్నీ కనబడేలా నోరు తెరిచిన ముఖం. ఫొటోలో అతని చుట్టూ జనం మాత్రం మొహాలు ముడుచుకుని ఎవరి దారిన వాళ్ళు పోతుంటారు. కింద పెద్ద అక్షరాలతో "నవ్వుతూ రండి, నవ్వుతూ వెళ్ళండి" అని రాయించారు. స్టేషన్ మెట్ల దగ్గర మొదలుపెట్టి అటు కొస దాకా, నాలుగు కొట్లకొకటి చొప్పున అదే ముఖం.

ఆ ఫొటో తీసింది మా బజారులో సెలూన్ నడిపే నిషివాకి. ఒసాకాలో సెలూన్లకి సోమవారం సెలవు. మిగతా సెలూన్ల వాళ్ళు ఆ రోజు చేపలకో గుర్రప్పందేలకో పోతారు. నిషివాకి మాత్రం చిన్న కెమెరా ఒకటి మెడలో వేసుకుని మా బజారులోనే ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగేవాడు. కెమెరా కంటికి ఆనించేవాడు కాదు. బొడ్డు దగ్గర పట్టుకుని, ఎండుచేపల కొట్టు వైపు చూస్తున్నట్టు నటిస్తూ నొక్కేసేవాడు. అలా తీయడం తప్పు కాదా, ఒక మాట అడగొచ్చు కదా అని నేను ఎన్నోసార్లు అన్నాను.

"అడిగితే మొహానికి తాళం పడిపోతుంది అక్కా. రోజూ నా కుర్చీలో కూర్చునేవి అన్నీ తాళం వేసిన మొహాలే. అవే మళ్ళీ ఫొటో తీసుకోవాలా?" అనేవాడు.

బజారులో అందరూ నన్ను అక్కా అనే పిలుస్తారు. మా ఆయన పోయాక కాఫీ కొట్టు నేనే నడుపుతున్నాను. ఫొటోల పిచ్చి ఉన్నవాళ్ళు సాయంత్రాలు నా కొట్లోనే చేరి, ఒకరి ఫొటోలను ఒకరు చీల్చి చెండాడుకునేవారు. వాళ్ళ పెద్ద ఒగితా. ఊరగాయల కొట్టు అతనిదే, బజారు సంఘానికి అధ్యక్షుడూ అతనే. నిషివాకీ అతనూ ఒకే బడిలో చదివారు. సంఘం ఏటా పెట్టే ఫొటోల పోటీకి నిషివాకి ఎన్నేళ్ళుగానో పంపుతున్నా, ఎప్పుడూ చివరి వరుసలోనే మిగిలేవాడు. ఈసారి మాత్రం మొదటి బహుమతి.

గుడ్డలు కట్టిన రోజు సాయంత్రం ఒగితా గొంతు వీధి చివరికి వినబడింది. "ఏరా నిషివాకీ, నువ్వు గొరిగిన తలల్లో ఒక్కటీ ఇంత అందంగా రాలేదు కదరా!"

"నీ తల మీద గొరగడానికి ఏం మిగిలిందని అందం రావడానికి?"

"ఇంతకీ ఎవడ్రా వీడు? మా కొట్టు ముందే నిలబడ్డాడు. ముల్లంగి రుచి చూసి నవ్వుతున్నాడంటావా?"

"నీ ముల్లంగి తిన్నవాడు నవ్వడం ఎప్పుడైనా చూశావా?"

అందరం పగలబడి నవ్వాం. నిషివాకి కూడా నవ్వాడు కానీ, కాఫీ కప్పులోకి చూస్తూ నవ్వాడు. అప్పుడు నేను దాన్ని అంతగా పట్టించుకోలేదు.

మే నెలలో వాన పడుతున్న ఒక పొద్దున ఒక ఆడమనిషి నా కొట్టు ఎదురుగా ఉన్న గుడ్డ కింద నిలబడింది. నలభై లోపు వయసు. గొడుగు మడిచి చేత్తో పట్టుకుంది. దాని నీళ్ళు ఆమె బూటు మీదే పడుతున్నా కాలు జరపలేదు. చాలాసేపు అలాగే చూసి, చివరికి లోపలికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఈ ఫొటో ఎవరు తీశారో మీకేమైనా తెలుసాండీ?"

తెలుసని చెప్పి నిషివాకికి ఫోన్ చేశాను. తెల్లకోటు మీదే పరిగెత్తుకొచ్చాడు, భుజాన ఎవరివో వెంట్రుకలు. ఆమె నడుం వంచి నమస్కరించింది.

"నా పేరు తొకుమారు సతొయే అండి. ఆ ఫొటోలో ఉన్నది మా ఆయన. నావొకి."

నిషివాకి ముఖం వెలిగింది. "అయ్యయ్యో, అలాగా! అడక్కుండా తీశాను, తప్పే. ఏమీ అనుకోకండి. మంచి కాగితం మీద పెద్దది ఒకటి వేసి ఇస్తాను, ఇంట్లో పెట్టుకుందురు గాని."

"వద్దండి. వాటిని తీయించేయగలరా అని అడగడానికి వచ్చాను."

అప్పుడు కూర్చుంది. ఆమె భర్త ఏదో యంత్రాల కంపెనీలో పని చేసేవాడట. సెలవు దొరకని పని. ఇంటికి వచ్చినా చొక్కా విప్పకుండానే నేల మీద పడి నిద్రపోయేవాడట. చలికాలంలో ఒకనాడు పొద్దున బూట్లు వేసుకుంటూ వేసుకుంటూ గుమ్మంలో కూలబడి, మరి లేవలేకపోయాడు. మనసు జబ్బు అని డాక్టరు కాగితం రాసిచ్చాక కంపెనీ సెలవిచ్చింది. అప్పటి నుంచి తెరలు వేసుకుని గదిలోనే ఉంటున్నాడు. రోజుకొకసారి బయటికి వెళ్ళి నడవమని డాక్టరు చెబితే, మార్చిలో కొన్నాళ్ళు మా బజారు దాకా నడిచి వచ్చేవాడట.

"వాళ్ళ సెక్షన్ పెద్ద ఇటుగా వచ్చినప్పుడు ఈ బొమ్మ చూశారండి. ఇంటికి ఫోన్ చేశారు. 'బాగానే నవ్వుతున్నావే, అదీ పట్టపగలు బజారులో, మేమంతా ఇక్కడ చస్తుంటే' అన్నారట. నెలాఖరుకి పనిలో చేరతావా, రాజీనామా ఇస్తావా అని అడిగారు. ఈయన సరేనండి, సరేనండి అంటూ గోడకి దండాలు పెడుతూ నిలబడ్డారు."

ఆమె నిషివాకి వైపు తిరిగింది.

"ఒక్కటి అడగనా? ఆయన దేనికి నవ్వారు?"

"అంటే..."

"నా ఎదుట నవ్వి ఏడాది దాటిందండి. ఏం చేసినా నవ్వరు. ఈ వీధిలో ఆయన్ని నవ్వించింది ఏదో ఉంది కదా. తిండో, మనిషో, కుక్కపిల్లో. అదేంటో చెబితే రోజూ తీసుకొస్తాను. దాన్నే ఇంటికి తీసుకెళ్తాను."

కాఫీ గింజలు పొడి చేసే యంత్రం ఆపేశాను. నిషివాకి నీళ్ళు నమిలాడు. గుర్తులేదన్నాడు. సంఘంతో మాట్లాడి గుడ్డలు తీయిస్తానన్నాడు. ఆమె తన ఇంటి చిరునామా రాసి బల్ల మీద పెట్టి, కప్పులో కాఫీ అలాగే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆమె గొడుగు మలుపు తిరిగే దాకా చూసి, నిషివాకి అన్నాడు: "అక్కా, అతను నవ్వట్లేదు."

అర్థం కాలేదు నాకు. సెలూన్‌కి వెళ్ళి ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. రీలు మొత్తం తపాలా బిళ్ళలంత బొమ్మలుగా అచ్చు వేసుకున్న కాగితం అది. నావొకివి వరుసగా మూడు. మొదటి దానిలో ఒగితా కొట్టు పక్క స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు, ముఖంలో ఏ భావమూ లేదు. రెండోది గుడ్డల మీద ఉన్నది. మూడో దానిలో అదే స్తంభం కింద గొంతుకూర్చుని, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. జనం అతన్ని తప్పుకుని నడుస్తున్నారు. ఒకావిడ తన సంచీ అతనికి తగలకుండా పైకెత్తి పట్టుకుంది.

"ఏడుపు మొదలయ్యే ముందు ముఖం అలా తెరుచుకుంటుంది," అన్నాడు. "ఒక్క క్షణం. నవ్వుకీ దానికీ తేడా కనబడదు. కడిగి చూసిన రోజే తెలుసు నాకు."

"తెలిసే 'నవ్వు' అని పేరు పెట్టి పంపావా?"

"నేను పెట్టలేదు. పేరు లేకుండానే పంపాను. వాళ్ళే నవ్వు అన్నారు. నేను కాదనలేదు."

"ఇప్పుడే వెనకాల పరిగెత్తు. ఈ కాగితం ఆమె చేతిలో పెట్టు. కంపెనీ వాడి మొహాన కొడుతుంది."

నిషివాకి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తీర్థం పండగకి పంచడానికి ఒగితా అప్పటికే అదే బొమ్మతో కాగితపు విసనకర్రలు అచ్చు వేయిస్తున్నాడు. క్యోటోలో ఒక ప్రదర్శనకి ఆ ఫొటో ఎంపికైంది. ఇన్నేళ్ళకి ఒక్కసారి అక్కా, పండగ ఒక్కటీ దాటనీ, ఆ తర్వాత నేనే తీసుకెళ్ళి ఇస్తాను అన్నాడు. నేను చెడామడా తిట్టాను. తలొంచుకుని విన్నాడు. అయినా వెళ్ళలేదు.

గుడ్డల సంగతి మాత్రం ఒగితాని అడిగాడు. ఒగితా నవ్వేశాడు.

"బజారులోకి వచ్చిన మొహం బజారుదేరా. అయినా నెలాఖరుకి వేసవి గుడ్డలు కడతాం, అవి ఎలాగూ దిగిపోతాయి. ఈ నాలుగు రోజులకి నిచ్చెనలు వేయించి గొడవెందుకు?"

జూన్ మొదట్లో ఆ ముఖాలు దిగి, వాటి చోట గోల్డ్‌ఫిష్ బొమ్మలు ఎక్కాయి. జూలైలో పండగ వచ్చింది. దేవుడి పల్లకీ వెంట డప్పులు మోగాయి. ఆ ఎండలో వీధి వీధంతా నావొకి ముఖంతో విసురుకుంది.

పండగ అయిన మర్నాటి మర్నాడు నిషివాకి పొద్దున్నే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో కవరు. మూడు ఫొటోలనూ పెద్దవి చేసి తెచ్చాడు.

"ఒక్కణ్ణే వెళ్ళలేను అక్కా. కాస్త తోడు రా."

కొట్టు మూసి వెళ్ళాను. బజారు దాటి కాస్త దూరంలో పాత ప్రభుత్వ గృహాలు. లిఫ్టు లేదు. మెట్లెక్కుతూ తలుపుల మీద పేర్లు చదువుకుంటూ పోయాం. తొకుమారు వాళ్ళ తలుపు పక్కన నల్ల అంచు కాగితం అతికించి ఉంది. ఇంట్లో చావు జరిగితేనే అలాంటి కాగితం అతికిస్తారు, చదవకుండానే తెలుస్తుంది. నిషివాకి రెండు మెట్లు వెనక్కి దిగి గోడ పట్టుకున్నాడు. వెనక్కి పోదామంటాడేమోనని గంట నేనే నొక్కాను.

సతొయే తలుపు తీసింది. మమ్మల్ని గుర్తుపట్టడానికి ఆమెకు కొంచెం సమయం పట్టింది. ఎందుకు వచ్చారని అడగలేదు. పక్కకి జరిగి లోపలికి దారిచ్చింది.

గదిలో అగరొత్తుల పొగ. పీఠం మీద అస్థికల పాత్రకి తెల్లగుడ్డ చుట్టి ఉంది. దాని వెనకాల నల్ల చట్రంలో నావొకి. తల వెనక్కి వాల్చి, కళ్ళు చికిలించి, నోరు తెరిచి. నిషివాకి తీసిన ఫొటోయే. చుట్టూ జనాన్ని చెరిపేసి, వెనకాల లేత నీలం రంగు వేశారు.

పీఠం పక్కన ఒక ముసలావిడ కూర్చుని ఉంది. నావొకి తల్లి. ఈయనే ఆ ఫొటో తీసినాయన అని సతొయే చెప్పగానే ఆవిడ చాప మీద మోకాళ్ళతో జరుగుతూ వచ్చి, నిషివాకి చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"నాయనా, చల్లగా ఉండు. పండగ ముందు మీ బజారుకి వస్తే ఎవరో విసనకర్ర చేతిలో పెట్టారు. చూద్దును కదా, మా వాడు! పెళ్ళైన కొత్తలో తీయించుకున్నవి తప్ప ఇంట్లో వాడి ఫొటో ఒక్కటి లేదు. చావుకి పెట్టడానికి ఏమీ లేకపోతే ఆ విసనకర్రే ఇచ్చి పంపాను, దాన్నుంచి తీశారు. చూడు, ఎలా నవ్వుతున్నాడో. చిన్నప్పుడు సరిగ్గా ఇలాగే నవ్వేవాడు. చివరి రోజుల్లో వాడికి ఒక్క సంతోషమైనా దక్కిందని నీ వల్లే కదా నాకు తెలిసింది."

నిషివాకి తల నేలకి ఆనించాడు. ఎంతసేపటికీ ఎత్తలేదు. ఆవిడ, పాపం, ఎంత మర్యాదస్తుడో అనుకున్నట్టుంది. వీపు నిమిరింది.

అగరొత్తి వెలిగించి బయటికి వచ్చేశాం. చెప్పులు వేసుకుని సతొయే కింద దాకా వచ్చింది. సైకిళ్ళు పెట్టే రేకుల కింద నిలబడి తనే చెప్పింది. నావొకి జూన్‌లో పనిలో చేరాడట. అక్కడ అతనికి 'పోస్టర్' అని పేరు పెట్టారు. "పోస్టర్, ఏదీ ఒకసారి నవ్వు, చూద్దాం" అనేవారట. పోస్టర్ కాబట్టి ఎండకీ వానకీ తట్టుకుంటాడని ఇంకా పని నెత్తిన వేసేవారట. పండగ ముందు వారం ఒక పొద్దున ఇంట్లోంచి బయల్దేరాడు. ఆఫీసుకి చేరలేదు. పోలీసులు నది దగ్గరికి రమ్మని ఫోన్ చేశారు.

"ఆ రోజు బూట్లు మామూలుగానే వేసుకున్నారండి. వెళ్ళొస్తానన్నారు కూడా," అని ఆగింది. తర్వాత నిషివాకిని చూసి, "గుర్తొచ్చిందా? దేనికి నవ్వారో?" అంది.

నిషివాకి కవరు ఇచ్చాడు. ఆమె ఫొటోలు తీసి ఒకదాని తర్వాత ఒకటి చూసింది. మూడోదాని దగ్గర ఆగిపోయింది. ఎక్కడో పై అంతస్తులో ఎవరో పరుపు దులుపుతున్నారు. ఆ చప్పుడు ఆగి, మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగింది.

"ఇది మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"మొదటి నుంచీ."

"నేను మీ బజారుకి వచ్చిన రోజు?"

"తెలుసు."

తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేదనిపించింది. ఆమె ఫొటోలను జాగ్రత్తగా కవరులో పెట్టి, మూత మడిచింది.

"అత్తయ్యకి చెప్పకండి," అని మాత్రం అని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆ చలికాలంలో సతొయే కంపెనీ మీద దావా వేసింది. జబ్బు మనిషిని బెదిరించి పనిలోకి లాగారని ఆమె వాదన, ఆ నవ్వు ముఖమే చూపించి జబ్బే లేదని వాళ్ళ వాదన. నిషివాకి సాక్ష్యం చెబుతానని తనే ముందుకు వచ్చాడు. ఇది తెలిసి ఒగితా నా కొట్లోనే అతన్ని నిలదీశాడు.

"బుద్ధుందా నీకు? బహుమతి వెనక్కిస్తావా? సంఘం పరువు కోర్టుకి ఎక్కిస్తావా? నొక్కిన క్షణం ఒక్కటే ఫొటోరా. ముందేం జరిగింది, వెనకేం జరిగింది అని చూసుకుంటూ పోతే ఈ లోకంలో ఎవడూ కెమెరా ముట్టుకోడు."

"ముట్టుకోవద్దులే అయితే," అన్నాడు నిషివాకి. ఒగితా ఆ రోజు నుంచి గడ్డం గీయించుకోవడానికి పక్క వీధికి పోతున్నాడు.

సాక్ష్యం రోజు నేను వెనక వరుసలో కూర్చున్నాను. కంపెనీ తరఫు వకీలు మెత్తటి మనిషి, గొంతు పెంచడు. మూడు ఫొటోలూ ముందు పెట్టి అడిగాడు.

"ఇతను ఏడుస్తున్నాడని మీరు ఎలా చెప్పగలరు? కన్నీళ్ళు కనబడుతున్నాయా?"

"కనబడట్లేదండి."

"ఆ రోజు ఇతన్ని మీరు అడిగారా? ఒంట్లో బాగాలేదా, ఏమైంది అని?"

"లేదండి."

"మూడో ఫొటో తీశాక మీరు ఏం చేశారు?"

జడ్జి తలెత్తి చూశాడు.

"రీలు తిప్పుకుని ముందుకి వెళ్ళిపోయానండి. చేపల కొట్టు దగ్గర వెలుతురు బాగుంది."

వకీలు కాగితాలు సర్దుకుని, ఇక ప్రశ్నలు లేవన్నాడు. సతొయే కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

తీర్పు రావడానికి మరో ఏడాది పట్టింది. ఆమే గెలిచింది. గేటు దగ్గర రాకపోకల లెక్కలూ, డాక్టరు మాటా, నావొకితో పనిచేసిన ఒక కుర్రవాడు ధైర్యం చేసి చెప్పిన సాక్ష్యమూ గెలిపించాయి. ఫొటోల గురించి తీర్పులో ఒకే వాక్యం ఉందట: ఒక్క క్షణంలో కనబడిన ముఖాన్ని బట్టి మనిషి ఆరోగ్యాన్ని గానీ అనారోగ్యాన్ని గానీ తేల్చలేమని. నవ్వన్న ఫొటోనీ ఏడుపన్న ఫొటోనీ కలిపి పక్కన పెట్టేశారు. సెక్షన్ పెద్దని వేరే ఊరికి మార్చారు. క్షమించమని ఆ ఇంటికి ఎవరూ రాలేదు.

ఆ సంగతి చెప్పడానికి సతొయే ఒక సాయంత్రం నా కొట్టుకి వచ్చింది. ఈసారి కాఫీ తాగింది. అత్తగారు తనతోనే ఉంటోందని చెప్పింది. ముసలావిడ రోజూ పొద్దున్నే పీఠం మీద అన్నం పెట్టి, "ఏరా, ఇవాళ కూడా నవ్వుతున్నావా? ఏం చూసి నవ్వుతున్నావో అమ్మకి కూడా చెప్పరా" అంటుందట. కోడలు కూడా పక్కన కూర్చుని చేతులు జోడించాలి.

"నాకేమో అది ఏడవబోతున్న ముఖమని తెలుసు. రోజూ దానికే దణ్ణం పెడుతున్నాను. ఒక్కోసారి చట్రం బోర్లించేయాలనిపిస్తుందండి. ఆవిడకి ఉన్నది అదొక్కటే. ఎలా బోర్లించను?"

ఇంకో కప్పు పోశాను. ఆమె నిషివాకిని పిలవమంది. అతను వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"నాకు మూడోది కావాలండి. కోర్టులో పెట్టినవి తిరిగి ఇవ్వలేదు. అది ఒకటి నాకోసం వేసి ఇస్తారా? పెద్దది వద్దు. బట్టల పెట్టెలో అడుగున పట్టేంత చాలు."

నిషివాకి తలూపాడు. ఫొటోలు కడిగే చీకటి గది తాళం చాలాకాలం తర్వాత తీశాడు. మర్నాడు ఆమె వచ్చి తీసుకుంది, కవరు తెరిచి చూసింది. స్తంభం కింద ముఖం కప్పుకుని కూర్చున్న మనిషిని వేలితో ఒకసారి తాకి, "ఈయనే" అంది. నిషివాకికి ఆ మాట వినబడిందో లేదో తెలియదు. ఆమె అతనికి నమస్కారం పెట్టింది, కానీ క్షమించానని అనలేదు. అతనూ అడగలేదు. ఆ తర్వాత ఆమె మా బజారు వైపు రాలేదు.

నిషివాకి ఇంకా సెలూన్ నడుపుతూనే ఉన్నాడు. సోమవారాలు మాత్రం కెమెరా ముట్టుకోడు, బయటికి రాడు. రోజంతా ఒక్కడివే ఇంట్లో ఏం చేస్తావని ఒకసారి అడిగాను.

"ఏం చెయ్యను అక్కా," అన్నాడు.